గొంతు ఆగింది సరే, పాట ఎవరిది?

2021 నవంబరు 30 సాయంత్రం. సిరివెన్నెల సీతారామశాస్త్రి ఇక లేరని టీవీల్లో వచ్చిన గంటలోపే మా స్నేహితుల వాట్సాప్ గ్రూపు పాటలతో నిండిపోయింది. ఒకాయన కన్నీటి బొమ్మల మధ్య 'తకిట తధిమి' పెట్టాడు. ఇంకొకాయన దాని కింద 'ఇలాంటి సాహిత్యం ఇంకెవరు రాస్తారు!' అన్నాడు. రాసినాయన వేటూరి. 'సాగర సంగమం' 1983లో వచ్చింది. శాస్త్రిగారికి ఇంటిపేరై కూర్చున్న 'సిరివెన్నెల' సినిమా 1986 నాటిది. చెబుదామా వద్దా అని కాసేపు తటపటాయించి ఊరుకున్నాను. చావింట్లో తప్పులు దిద్దేవాణ్ణి ఎవరు మెచ్చుతారు?

కానీ ఆ తర్వాత ప్రతి సంతాపంలోనూ అదే చూస్తూ వచ్చాను. గాయకుడు పోతే ఆయన పాడినవన్నీ ఆయన రాసినవైపోతాయి. రచయిత పోతే పక్క రచయిత పాటలు కూడా ఆయన ఖాతాలో పడతాయి. స్వరకర్త పోతే అసలు ఏ పాట పెట్టాలో తెలియక హీరో ఫొటో ఉన్న పాట పెడతారు. ఇదంతా అభిమానం లేక కాదు. పాట అనేది ఒక మనిషి చేసే పని కాదన్న సంగతి వినేటప్పుడు గుర్తుండదు, అంతే. గుర్తుండకపోవడమే మంచి పాట లక్షణమని కూడా అనుకోవచ్చు. చిక్కల్లా మనిషి పోయాక మొదలవుతుంది. పోయినాయనతో పాటు ఏం పోయింది, ఏం మిగిలింది, మిగిలిందానికి వారసులెవరు అన్న మూడు ప్రశ్నలకూ ఆయన ఆ పాటలో చేసిన పనిని బట్టి వేర్వేరు జవాబులుంటాయి.

ఒక్క పాటను విప్పి చూద్దాం. 'సిరివెన్నెల' సినిమాలో 'విధాత తలపున'. మాటలు సీతారామశాస్త్రివి. బాణీ కె.వి. మహదేవన్‌ది. గొంతులు బాలసుబ్రహ్మణ్యం, సుశీలలవి. వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. సన్నివేశాన్ని ఊహించి, ఇలాంటి పాట కావాలని అడిగింది కె. విశ్వనాథ్. మహదేవన్ 2001లో, బాలు 2020లో, శాస్త్రి 2021లో, విశ్వనాథ్ 2023లో వెళ్లిపోయారు. అంటే ఈ ఒక్క పాటకే మనం నాలుగుసార్లు సంతాపం చెప్పాం. నాలుగుసార్లూ ఇదే పాట పెట్టుకున్నాం, నాలుగుసార్లూ అది సరైన పాటే. అయితే ఒక్కోసారి ఒక్కో కారణానికి సరైనది. మహదేవన్ కోసం వింటున్నప్పుడు మాట వెనకాల నడిచే రాగం వినాలి. ఆయనది ముందు సాహిత్యం రాయించుకుని తర్వాత బాణీ కట్టే పద్ధతి కాబట్టి, మాట ఎక్కడ విరిగిందో రాగం అక్కడే విరుగుతుంది. శాస్త్రి కోసం వినేటప్పుడు, సినిమాలకు ఇంకా కొత్తవాడైన ఒక కవి ఇంత సంస్కృతం పెట్టి కూడా సామాన్యుణ్ణి ఎలా కూర్చోబెట్టాడో చూడాలి. బాలు కోసమైతే చెప్పక్కర్లేదు.

బాలు కోసమైతే చెప్పక్కర్లేదు అన్నాను చూశారూ, అసలు చిక్కు అదే. గొంతుకు పరిచయం అక్కర్లేదు. అది నేరుగా చెవిలో పడుతుంది. రాసిన చెయ్యి, కట్టిన బుర్ర కనిపించవు, వినిపించవు. పాటల యాప్ తెరిస్తే బొమ్మ కింద ముందు కనిపించేది పాట పేరు, సినిమా పేరు, గాయకుల పేర్లు. రచయిత పేరు కోసం ఇంకో రెండు చోట్ల నొక్కాలి, అప్పుడు కూడా ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒకప్పుడు సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాల్లో ప్రతి పాట నెత్తిన రచన ఎవరిదో ఉండేది. క్యాసెట్ అట్ట మీదా చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. ఎంత పెద్ద సాంకేతికత వస్తే రచయిత అంత చిన్నవాడయ్యాడు.

ఇక్కడ బాలుకు న్యాయం చేయాలి. గొంతుకు దక్కే ఈ అప్పనపు కీర్తిని ఆయనంతగా తిరిగి పంచినవాళ్లు తక్కువ. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో తనకు మొదటి అవకాశమిచ్చిన స్వరకర్త ఎస్పీ కోదండపాణి పేరునే తర్వాత తన రికార్డింగ్ స్టూడియోకు పెట్టుకున్నారు. 'కోదండపాణి' అన్న మాట ఇవాళ్టి తరానికి ఎంతో కొంత తెలిసిందంటే ఆ బోర్డు పుణ్యమే. 'పాడుతా తీయగా'లో పిల్లల చేత పాట ఎత్తుకునే ముందు చిత్రం పేరు, రచయిత, స్వరకర్త, మొదట పాడినవారు ఎవరో చెప్పించేవారు. వాళ్లు తడబడితే ఆయనే అందించేవారు. అప్పట్లో ఆ ముక్క వస్తున్నప్పుడు మనలో చాలామంది వంటింట్లోకి ఓసారి వెళ్లొచ్చేవాళ్లం. ఆయన పోయాక తెలిసింది, తెలుగు పాటకు బహిరంగంగా హాజరు తీసుకున్న చోటు అదొక్కటేనని.

2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు చాలామందికి ఒక విషయం వింతగా తోచింది. వేదిక మీద పాడినవాళ్లు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. బొమ్మ చేతిలోకి తీసుకున్నవాళ్లు కీరవాణి, చంద్రబోస్. ఆ పురస్కారం పేరు ఉత్తమ గాయకుడు కాదు, ఉత్తమ పాట. వాళ్ల లెక్కలో పాట అంటే మాట, బాణీ. పాడటం ఆ పాటను ఒకసారి పలికించడం. మన లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. మనకు పాట అంటే గొంతు. 'ఘంటసాల పాట' అంటాం, 'జానకి పాట' అంటాం. 'పింగళి పాట' అనేవాళ్లు వెయ్యికొకరు. ఏ లెక్క సరైనదని నన్నడిగితే, రెండూ సగం సగమే అంటాను. మాట ఎంత గొప్పదైనా గొంతులో పడకపోతే కాగితం మీద పద్యంగా మిగిలిపోతుంది.

సరే, కనిపించని చేతుల్లోకి వెళ్దాం. అందరిలోకీ కనిపించని చెయ్యి అనువాద గీతాల రచయితది. వెన్నెలకంటి 2021 జనవరి 5న పోయారు. 'మహర్షి'లో 'మాటరాని మౌనమిది' లాంటి నేరు పాటలు, అంటే అనువాదం కాని పాటలు ఉన్నా, ఆయన జీవితంలో పెద్ద భాగం తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన సినిమాలకు మాటలు, పాటలు రాయడంలో గడిచింది. ఈ పని ఎంత కష్టమో ఒక్కసారి తెర ముందు కూర్చుంటే తెలుస్తుంది. బాణీ మారదు. నటుడి పెదాలు ఎప్పుడో కదిలిపోయాయి, అవీ మారవు. తమిళ మాటలో 'మ' దగ్గర పెదాలు మూసుకుంటే, సరిగ్గా ఆ క్షణంలో తెలుగు మాటలో కూడా 'ప', 'బ', 'మ'ల్లో ఏదో ఒకటి పడాలి. నటుడు నోరు బార్లా తెరిచి దీర్ఘం తీస్తుంటే అక్కడ 'ఆ'కారం ఉండాలి. ఇవన్నీ కుదిరాక అర్థం ఉండాలి. అర్థం కుదిరాక, వీలైతే, కవిత్వం ఉండాలి. నేరు పాట రాసేవాడికి బాణీ ఒక్కటే సంకెల. అనువాద గీతకారుడికి ఎవరివో పెదాలు కూడా సంకెలే. ఆ పని బాగా చేశాడంటే ఇది వేరే భాషలోంచి వచ్చిందన్న అనుమానమే మనకు రాదు, కాబట్టి రచయిత ఎవరా అన్న ప్రశ్న కూడా రాదు. మరీ బాగా చేయడమే ఆయనకు చేటు.

బాణీ కట్టేవాళ్ల సంగతికొస్తే చిక్కు ఇంకో రకం. రాజ్-కోటి జంటలో రాజ్, అసలు పేరు తోటకూర సోమరాజు, 2023 మే 21న పోయారు. టి.వి. రాజు కొడుకు ఆయన, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి. ఇద్దరు పెద్ద స్వరకర్తల పిల్లలు కలిసి ఒకే పేరుగా పనిచేసి, తర్వాత విడిపోయారు. టైటిల్స్‌లో మధ్య గీతతో ఒకే పేరు. ఏ పాటలో ఏ బాణీ ఎవరికి తట్టింది? పల్లవి ఒకరిది, చరణం ఒకరిదా? వాద్యాల కూర్పు ఎవరిది? ఇది బయటివాళ్లకు ఎప్పటికీ తేలదు, తేలనక్కర్లేదు కూడా. కానీ జంటలో ఒకరు పోయినప్పుడు వార్త రాసేవాడి కష్టం చూడండి. 'ఆయన పాటలు' అని రాయాలా, 'ఆయనా కలిసి చేసిన పాటలు' అని రాయాలా? అక్కడ మధ్య గీత ఎంత బరువైనదో తెలుస్తుంది.

దీనికంటే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది తిరుపతి కథ. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025 మార్చి 9న కన్నుమూశారు. టీటీడీ ఆస్థాన విద్వాంసులు. 'వినరో భాగ్యము విష్ణుకథ' తెలియని తెలుగిల్లు ఉండదు. పెళ్లిలో, గుడి మైకులో, పిల్లల సంగీతం పరీక్షలో అదే పాట. ఎవరిది అంటే అన్నమయ్యది అంటాం. సగం నిజం. అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన సంకీర్తనలు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద దొరికాయి. ఆ రేకుల మీద మాట ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. ఎలా పాడాలో చెప్పే గుర్తేదీ లేదు. త్యాగరాజుకైతే శిష్యులు నోటినుంచి నోటికి బాణీ దాటించారు. అన్నమయ్యకు ఆ దారి మధ్యలో తెగిపోయింది. అందుకే ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దపువి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు కట్టినవి. 'వినరో భాగ్యము' బాణీ గరిమెళ్లది. ఆయన ఇలా వందల సంకీర్తనలకు వరసలు కట్టారు.

ఒక మనిషి బతికుండగానే ఆయన బాణీ 'సంప్రదాయం' అయిపోయింది. జనం అది అయిదు వందల ఏళ్ల నాటి వరసేనని నమ్మి పాడుకుంటుంటే ఆయన తిరుపతిలోనే ఉన్నారు. స్వరకర్తకు ఇంతకన్నా పెద్ద గెలుపు లేదు, ఇంతకన్నా పెద్ద మరుపూ లేదు.

ఈ మరుపు సినిమా, గుడి దాటి రోడ్డు మీదికొస్తే ఇంకా పెరుగుతుంది. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయినప్పుడు టీవీల్లో తెగ తిరిగిన దృశ్యం 'మా భూమి' సినిమాలోది. గొంగడి భుజాన వేసుకుని 'బండెనక బండి గట్టి' పాడే గద్దర్. ఆ పాట ఆయనదేనని అనుకునేవాళ్లు లక్షల్లో ఉంటారు. రాసింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాట కాలపు మనిషి. 1979లో సినిమాకెక్కేనాటికే ఆ పాట నైజాం మీద జనం పాడిన పాటగా పల్లెల్లో స్థిరపడిపోయింది. గద్దర్ దాన్ని దొంగిలించలేదు, నెత్తినెత్తుకుని మోశాడు. ఉద్యమ పాటకు రచయిత ఉంటాడు గానీ యజమాని ఉండడు. పాడేవాడు ఊరిని బట్టి చరణం చేరుస్తాడు, పేర్లు మారుస్తాడు. అలా మార్చడం అక్కడ తప్పు కాదు, పద్ధతి.

ఆ పద్ధతిలోనే, 2023 జూన్‌లో పోయిన సాయిచంద్‌ను తలుచుకున్నప్పుడల్లా 'రాతి బొమ్మల్లోన' పెడతాం. ఆ గొంతులోని ఏడుపు సాయిచంద్‌దే. మాటలు మిట్టపల్లి సురేందర్‌వి.

గద్దర్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. 'ఒరేయ్ రిక్షా' సినిమాలో ఆయన రాసిన 'మల్లెతీగకు పందిరివోలె' పాటకు నంది అవార్డు ఇస్తే వద్దన్నారు. ప్రభుత్వం చేతి నుంచి తీసుకోనన్నారు. ఆయన పోయాక తెలంగాణ ప్రభుత్వం ఆ నంది స్థానంలో సినిమా అవార్డులకు పెట్టిన పేరు గద్దర్ అవార్డులు. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. పోయినవాళ్లను గౌరవించడం ఎంత సులువో దీన్ని బట్టి చెప్పొచ్చు. వాళ్లు ఇక వద్దనలేరు.

అందెశ్రీ కథ మరో కొస. బడి మెట్లెక్కని మనిషి, పశువులు కాసి, తాపీ పని చేసి బతికినవాడు, 'జయజయహే తెలంగాణ' రాశాడు. ఉద్యమమంతా ఆ పాట నడిచింది. 2024 జూన్ 2న అది అధికారికంగా రాష్ట్ర గీతమైంది, కీరవాణి స్వరం కూర్చారు. 2025 నవంబరు 10న అందెశ్రీ పోయారు. అంటే తన పాట ప్రభుత్వ పాటయ్యాక ఏడాదిన్నర కూడా లేరు. అయినా ఒక విషయంలో ఆయన అదృష్టవంతుడు. బండి యాదగిరికి దక్కనిది ఆయనకు దక్కింది. ఆ పాట ఎవరు రాశారో బడిపిల్లవాడు కూడా చెబుతాడు.

ఇంతవరకు పేరు సంగతి. ఇక డబ్బు, హక్కుల సంగతి. ఇక్కడ నిదానంగా నడవాలి, ఎందుకంటే 'ఆయన పోయాడు, పాట అందరిదీ' అని ఒకరు, 'పాట కంపెనీది' అని ఇంకొకరు ధీమాగా చెప్పేస్తుంటారు. చట్టం ఇద్దరినీ ఒప్పుకోదు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని కంటికి ఒక సినిమా పాట ఒక వస్తువు కాదు, కనీసం మూడు వస్తువులు. మాటలు ఒకటి, సంగీత రచన ఒకటి, రికార్డయిన శబ్దం ఒకటి. మాటలకు, బాణీకి హక్కు వాటిని సృష్టించినవాడు బతికినంత కాలం, పోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ టాగూరు రచనల గడువు 1991తో ముగుస్తుండగా ఇంకో పదేళ్లు పెంచారు. రికార్డింగుకైతే విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. పాడినవాడికి 1994 సవరణ దాకా ఏ హక్కూ లేదు. ఇప్పుడు ఉన్నదానికి గడువు, పాడిన ఏడాది తర్వాత 50 ఏళ్లు.

లెక్క అర్థం కావాలంటే 'మాయాబజార్' పడవ ఎక్కాల్సిందే. 'లాహిరి లాహిరి లాహిరిలో', 1957. ఆ రికార్డింగు గడువు 2017 డిసెంబరు 31తో అయిపోయింది. మాటలు పింగళి నాగేంద్రరావువి, ఆయన 1971లో పోయారు, కాబట్టి మాటల గడువు 2031 చివరిదాకా ఉంది. బాణీ? టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. ఆయన 1974లో పోయారు, కాబట్టి 2034 దాకా. అయితే ఆ సినిమాకు ముందు సంగీతం ఒప్పుకున్నది సాలూరి రాజేశ్వరరావు. ఈ పాటతో కలిపి నాలుగు పాటలకు వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. వాద్యాల కూర్పు, మిగతా పని ఘంటసాల చేశారు. సాలూరి పోయింది 1999లో. బాణీ ఆయనదని లెక్క కడితే గడువు 2059. టైటిల్ కార్డు మీద ఏ పేరు వేశారన్న దాని మీద ఒక బాణీ ఆయుష్షు పాతికేళ్లు అటూ ఇటూ అవుతుంది! పేర్లు సరిగ్గా వేయమని పోరేవాళ్లను చాదస్తులంటారు గానీ, చాదస్తం ఖరీదు ఒక్కోసారి పాతికేళ్లు.

గడువు ఉన్నంత మాత్రాన ఆ హక్కు కవి ఇంట్లో ఉన్నట్టు కాదు. అసలు మెలిక అక్కడుంది. డబ్బిచ్చి రాయించుకున్న నిర్మాతే పాటకు మొదటి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. నిర్మాత ఆడియో కంపెనీకి అమ్ముకున్నాడు. కవికి పాటకింత అని ఒకసారి ముట్టింది, అంతటితో సరి. పాట ముప్పై ఏళ్లు రేడియోలో మోగినా, ఫోన్లలో కాలర్ ట్యూనై కూర్చున్నా ఇంటికి పైసా రాదు. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, పాడేవాడికి చట్టంలో చోటే లేకపోవడం లోపమని విడిగా రాశారు. తీర్పు రచయితలకు వ్యతిరేకమే, కానీ ఆ నాలుగు వాక్యాల్ని గాయకులు దశాబ్దాలపాటు దాచుకున్నారు.

2012లో చట్టం మారింది. రాజ్యసభలో కూర్చుని హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ పట్టుపట్టడం దాని వెనక ఉంది. ఆ సవరణ సారం ఇది: సినిమా హాలులో బొమ్మతో పాటు ఆడటాన్ని మినహాయిస్తే, పాటను ఇంకెక్కడ వాడుకున్నా రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటానని వాళ్లు సంతకం పెట్టినా చెల్లదు. తమ వారసులకో, హక్కుల సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వలేరు. ఇది చాలా తెలివైన తాళం. ఎందుకంటే అవకాశం కోసం ఎదురుచూసే కొత్త రచయిత ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడని చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఐపీఆర్ఎస్ అనే సంఘం ఈ డబ్బు వసూలు చేసి సభ్యులకు, పోయినవాళ్ల వారసులకు పంచుతుంది. సవరణ వచ్చాక కూడా ఎఫ్ఎం రేడియోలు మేమెందుకివ్వాలని వాదించాయి. 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఇవ్వాల్సిందేనంది. చట్టం రావడానికీ చెల్లడానికీ మధ్య పదకొండేళ్లు. ఆ మధ్యలో ఎంతమంది రచయితలు పోయారో మనందరికీ తెలుసు.

బాలు ఇదే చిక్కులో ఒకసారి ఇరుక్కున్నారు. 2017 మార్చిలో పాటల జీవితానికి యాభై ఏళ్లని అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన బాణీలు పాడొద్దని ఇళయరాజా నుంచి లాయరు నోటీసు వచ్చింది. అభిమానులు రెండుగా చీలి తిట్టుకున్నారు. 'తను పాడిన పాట తను పాడుకోకూడదా' అని ఒక వర్గం. వినడానికి సమంజసంగానే ఉంటుంది. కానీ పైన చెప్పిన మూడు వస్తువుల్లో మాట, బాణీ రెండూ ఆయనవి కావు. గొంతు మాత్రమే ఆయనది. టిక్కెట్టు పెట్టిన వేదిక మీద పాడితే ఆ రెంటికీ లైసెన్సు కావాలి. నోటీసు పంపిన తీరు మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకూ ఒకటుంది, అది ఇళయరాజాకు అనుకూలం కాదు. చట్టంగా చూస్తే మాత్రం ప్రశ్న సరైనదే. బాలు కూడా వాదనకు దిగకుండా, ఆ పర్యటనలో ఆ పాటలు పాడబోనని రాసి ఊరుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిశారు. 2020 ఆగస్టులో బాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు 'లేచి రా' అని ఇళయరాజా వీడియో పెట్టడం చూసినవాళ్లకు ఆ నోటీసు గుర్తే రాలేదు.

గొంతు మాత్రమే ఆయనది అన్నాను. ఇప్పుడు ఆ మాటకూ పూచీ లేదు. 2023 నవంబరులో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో కృత్రిమ మేధతో బాలు గొంతును తయారుచేసి వాడుకున్నారని, కుటుంబాన్ని అడగలేదని ఆయన కొడుకు ఎస్పీ చరణ్ నోటీసు పంపారు. సరిగ్గా ఆ నోటీసు వెళ్లిన రోజుల్లోనే, 2024 జనవరిలో, ఎ.ఆర్. రెహమాన్ ఒక తమిళ పాటలో ఇద్దరు పోయిన గాయకుల గొంతులు వాడారు, బంబా బక్యావి, షాహుల్ హమీద్‌వి. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. పరికరం ఒకటే, తేడా అంతా అడగడంలో ఉంది.

అడగకపోతే ఏమవుతుంది? బతికున్న గాయకుడైతే కోర్టు అండగా ఉంది. తన గొంతును అనుకరించే యంత్రాల మీద అరిజిత్ సింగ్ బొంబాయి హైకోర్టుకెళ్తే 2024 జులైలో ఆయనకు అనుకూలంగా ఉత్తర్వులొచ్చాయి. పోయినవాళ్ల సంగతి అలా లేదు. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో, ఇలాంటి వ్యక్తిత్వ హక్కులు మనిషితోనే పోతాయి, వారసులకు రావు అని 2023లో ఢిల్లీ హైకోర్టు అంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సీతారామశాస్త్రి రాసిన ఒక చరణాన్ని 2081 చివరిదాకా చట్టం కాపలా కాస్తుంది. ఆ చరణాన్ని పాడిన గొంతుకు, మనం గుర్తుపెట్టుకునేది దాన్నే అయినా, మనిషి పోయిన మర్నాటి నుంచి స్పష్టమైన కాపలా లేదు. కీర్తిలో గొంతుది పైచేయి, చట్టంలో కలానిది. మనం చేసే సంతాపానికీ న్యాయస్థానం రాసుకున్న లెక్కకూ ఇంత దూరం ఉంటుందని నేను ఈ వ్యాసం కోసం కూర్చునేదాకా అనుకోలేదు.

ఇక ఆ 'చివరి పాట' గొడవ. ఎవరు పోయినా మొదట పుట్టేది అదే. సీతారామశాస్త్రి పోయిన వారానికి 'శ్యామ్ సింగరాయ్'లోంచి ఒక పాట బయటికొచ్చింది. దాని పేరు కూడా 'సిరివెన్నెల'. మిక్కీ జె. మేయర్ బాణీ, అనురాగ్ కులకర్ణి గొంతు. ఆయన చివరి పాట అదేనన్నారు, అందరం కళ్లొత్తుకుని విన్నాం. ఆ తర్వాత కొద్ది రోజులకే అదే సినిమాలోంచి 'ప్రణవాలయ' వచ్చింది, అదీ ఆయన రాసిందే. ఆపైన 'రంగమార్తాండ'లోంచి 'పువ్వై విరిసే ప్రాణం' వచ్చింది. బాణీ ఇళయరాజాది, గొంతు మళ్లీ అనురాగ్‌దే, మాటలు మళ్లీ శాస్త్రివే. ఏది చివరిది? రాసిన వరసలోనా, రికార్డయిన వరసలోనా, మన చెవిన పడిన వరసలోనా? రాసినవాడికి ఒక క్రమం, పాడినవాడికి ఇంకొకటి, వినేవాడికి మూడోది.

మొన్న ఆ గ్రూపులోనే ఎవరో 'పువ్వై విరిసే' పెట్టి, కింద 'ఇళయరాజా మ్యాజిక్, అనురాగ్ ప్రాణం పెట్టి పాడాడు' అని రాశారు. ఈసారి ఊరుకోలేదు. కింద ఒక్క పేరు టైపు చేసి పంపాను. రెండు నిమిషాలకు బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఆ వెనకే, 'తకిట తధిమి' కూడా ఆయనదే కదూ అని ఒక ప్రశ్న.